మారుతున్న ఋతువులు – చదువు – మన నుడి

(బయటి రాష్ట్రాల తెలుగు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను భాషాశాస్త్రవేత్తను కాను. ముప్పయ్యొక్క ఏళ్లు హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమంలో విజ్ఞానశాస్త్రం, భూగోళం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. 'శీతోష్ణస్థితి మార్పు, విద్యారంగ పరిశోధనలు' అనే విషయంపై మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు మొదట సందేహించాను. భాషా హక్కుల సభకు ఎండావానల సంగతి ఎందుకని కొందరు మిత్రులు కూడా అన్నారు. ఎందుకో చెప్పడానికే నిలబడ్డాను.

ముందుగా మాట సంగతి చూద్దాం. నేటి ఎండ, రేపటి వాన, ఈ సాయంత్రపు గాలి – వీటిని మనం వాతావరణం అంటాం. భూమి చుట్టూ ఉన్న గాలిపొరనూ వాతావరణమనే అంటాం. ఒక ప్రాంతంలో దీర్ఘకాలం పాటు నిలకడగా కనిపించే ఎండావానల తీరును పాఠ్యపుస్తకాలు శీతోష్ణస్థితి అన్నాయి. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం ఈ తీరును నిర్ణయించడానికి ముప్పయ్యేళ్ల సగటు కావాలి. ఇప్పుడు ప్రమాణంగా తీసుకుంటున్నది 1991 నుండి 2020 వరకు గడచిన ముప్పయ్యేళ్లు. అయితే పత్రికలు, ప్రసార సాధనాలు 'వాతావరణ మార్పు' అనే మాటనే స్థిరపరచాయి. ఫలితంగా మూడు వేరువేరు భావాలు ఒక్క మాటలో ఇరుక్కుపోయాయి. 'వాతావరణం రోజూ మారుతూనే ఉంటుంది కదా సార్, అందులో వింతేముంది?' అని ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు నన్ను అడిగాడు. తప్పు వాడిది కాదు, వాడికి మనం అందించిన మాటది.

మన ఇరుగుపొరుగు భాషలను చూడండి. తమిళంలో రోజువారీ స్థితికి 'వానిలై', దీర్ఘకాలపు తీరుకు 'కాలనిలై' అని రెండు మాటలు ఉన్నాయి. ఒడియాలో 'పాణిపాగ' వేరు, 'జలవాయు' వేరు. కన్నడంలో, మరాఠీలో 'హవామాన' అనే మాట వాడుకలో ఉంది. హోసూరు తెలుగు పిల్లవాడు కాలనిలై అని, గంజాం పిల్లవాడు జలవాయు అని, కోలారు పిల్లవాడు హవామాన అని నేర్చుకుంటున్నాడు. ఇంట్లో అవ్వాతాతలతో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఈ మాటల్లో ఏదీ వాడికి పనికిరాదు. బడిలో నేర్చిన శాస్త్రానికీ ఇంట్లో ఉన్న అనుభవానికీ మధ్య వంతెన లేకుండా పోతున్నది.

ఈ వంతెన ఎంత ముఖ్యమో పరిశోధనలే చెబుతున్నాయి. 2007, 2008 సంవత్సరాలలో 119 దేశాలలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణను విశ్లేషించి 2015లో 'నేచర్ క్లైమేట్ చేంజ్' అనే శాస్త్ర పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ప్రపంచంలోని వయోజనులలో సుమారు 40 శాతం మంది శీతోష్ణస్థితి మార్పు అనే మాటనే వినలేదని, ఆ మాట తెలియడానికి అన్నిటికన్న బలమైన కారణం చదువేనని అందులో తేలింది. రెండో ఫలితం మనకు మరింత ముఖ్యమైనది. ఆసియా, ఆఫ్రికా ఖండాలలోని పలు దేశాలలో, ఇది తమకు ప్రమాదమని జనం గ్రహించడానికి ప్రధాన కారణం తమ ఊరి ఎండ మారిందని తాము గమనించడమే. అంటే మాటను బడి ఇస్తున్నది, ఆందోళనను అనుభవం ఇస్తున్నది. ఈ రెంటినీ కలపగలిగినది పిల్లవాడి ఇంటినుడి.

మన దేశంలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో జరిపిన సర్వే కూడా ఇదే చెప్పింది. భూతాపం గురించి మీకేమి తెలుసునని అడిగితే, ఎన్నడూ వినలేదనో తెలియదనో 41 శాతం మంది జవాబిచ్చారు. అదేమిటో నాలుగు మాటల్లో వివరించి మళ్లీ అడిగితే, అది జరుగుతున్నదని 72 శాతం మంది అన్నారు. 2021 చివర, 2022 మొదట మళ్లీ సర్వే చేసినప్పుడు, వివరణ విన్న తరువాత అవునన్నవారు 84 శాతం. ఆ వివరణకు ముందు కూడా జనానికి విషయం తెలుసు. పేరు ఒక్కటే తెలియదు.

ఇది నేను కళ్లారా చూసిన సంగతి. కొన్నేళ్ల క్రితం ఒక పరిశోధక బృందంతో కలిసి గంజాం జిల్లా సముద్రతీరానికి వెళ్లాను. ఒడియావారు 'నోలియా'లని పిలిచే మన తెలుగు జాలరుల పల్లె అది. ప్రశ్నావళిని ఆంగ్లంలో తయారుచేసి ఒడియాలోకి మార్చారు. డెబ్బయ్యేళ్లు దాటిన ఒక అవ్వను 'జలవాయు పరివర్తన గురించి తెలుసా?' అని అడిగారు. 'నాకు తెల్దు బాబూ' అన్నది. 'అవగాహన లేదు' అనే గడిలో గీత పడింది. బృందం పక్క ఇంటికి సాగింది. నేను అక్కడే కూర్చుని, 'అవ్వా, మీ చిన్నతనంలో సంద్రం ఎలాగుండేది?' అని అడిగాను. ఆమె నా ముఖం వంక చూసి, 'మనోడివేనా బాబూ! ముందే సెప్పొద్దేటి?' అన్నది. 'ఎనకటి సంద్రం కాదు బాబూ ఇది. మా అత్తోరిల్లు అదిగో, ఆ అల ఇరుగుతున్న కాడ ఉండేది' అని నీళ్లలోకి చెయ్యి చూపించింది. ఏ నెలలో ఏ గాలి రావాలో, ఇప్పుడు ఏది రావడం లేదో, ఏ చేప ఎప్పటి నుండి కనిపించడం మానిందో గంటసేపు చెప్పింది. ఆ గంట ఏ గడిలోనూ చేరలేదు. పరిశోధకులు చెడ్డవారు కారు. వారి వెంట వెళ్లిన నాకు కూడా ప్రశ్నావళిని ముందుగా చూడాలని, తెలుగు ప్రతి అడగాలని తోచలేదు. ఆ తప్పులో నా వాటా ఉంది.

అవగాహన లేనివారుగా లెక్కకెక్కిన జనానికి ఏ పథకం వచ్చినా ఉపదేశంగానే వస్తుంది. వారినుండి నేర్చుకోవలసినది ఉందని ఎవరూ అనుకోరు. మన భాషకు జరుగుతున్న అన్యాయాలలో ఇది కంటికి కనిపించనిది.

ఇక తుఫానుల మాట. 1999 అక్టోబరు 29న పారాదీప్ సమీపంలో తీరం దాటిన పెనుతుఫానులో ఒడిశాలో సుమారు పదివేల మంది మరణించారు. 2013 అక్టోబరు 12న గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్ తుఫాను కూడా మహా తీవ్రమైనదే అయినా మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. ముందస్తు హెచ్చరిక, లక్షలాది మందిని సకాలంలో తరలించడం, తుఫాను ఆశ్రయాలు, ఊరూరా శిక్షణ – ఇవి ఆ ప్రాణాలను కాపాడాయి. ఒడిశా ప్రభుత్వం సాధించిన ఈ విజయాన్ని మనం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. 2020లో గంజాం జిల్లా వెంకట్రాయపురం, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి గ్రామాలను సునామీని ఎదుర్కొనడానికి సంసిద్ధమైన గ్రామాలుగా యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం గుర్తించింది. సునామీ శీతోష్ణస్థితి మార్పు వల్ల వచ్చేది కాదు. అయినా, సరైన శిక్షణ అందితే జాలరి పల్లెలు ప్రపంచానికి ఆదర్శం కాగలవని ఆ గుర్తింపు చాటింది.

అయితే ప్రతి విపత్తూ ఒకే దారిన రాదు. 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లా పలాస వద్ద తీరం దాటిన తిత్లీ తుఫాను వల్ల, సముద్రానికి దూరంగా ఉన్న గజపతి జిల్లా కొండల్లో కొండచరియలు విరిగిపడి జనం ప్రాణాలు కోల్పోయారు. తుఫాను అంటే సముద్రపు సంగతేననుకునేవారికి కొండ కూలుతుందని ఎవరు, ఏ మాటల్లో చెప్పాలి? యానాం మిత్రులకు 1996 నవంబరు 6 రాత్రి గుర్తుంటుంది. 2022 జూలైలో గోదావరి వరద యానాన్నీ ముంచింది, ఎగువన సిరోంచనూ ముంచింది. ఒకే నది, రెండు చివరల తెలుగువారు, రెండు వేరువేరు పాలనా భాషల హెచ్చరికలు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి తన తల్లి నుడిలో వినాలి. ఒడియా, తమిళ, కన్నడ, మరాఠీ భాషలలో హెచ్చరిక వద్దని మనం అనడం లేదు. తెలుగువారున్న పల్లెలలో దానితో పాటు తెలుగు కూడా వినిపించాలని కోరుతున్నాం.

ఇప్పుడు బడి లోపలికి వద్దాం. ఎండలు చదువును తినేస్తున్నాయన్నది ఊహ కాదు. శీతోష్ణస్థితి విపత్తుల వల్ల 2024లో 85 దేశాలలో కనీసం 24 కోట్ల 20 లక్షల మంది విద్యార్థుల చదువు కుంటుపడిందని యునిసెఫ్ లెక్కగట్టింది. మన దేశపు పిల్లలపై 2020లో ఒక ముఖ్యమైన పరిశోధన వెలువడింది. ఏడాదిలో సగటు ఉష్ణోగ్రత 29 డిగ్రీలు దాటిన రోజులు పది పెరిగితే, గణితంలోనూ చదవడంలోనూ పిల్లల మార్కులు తగ్గుతున్నాయని అందులో తేలింది. తగ్గుదల ఒక్కొక్క బిడ్డకు కొద్దిదే, కోట్ల మందికి కలిపితే పెద్దది. దానికి వారు చూపిన కారణం మన ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోదగినది. పంటకాలంలో ఎండ ముదిరితే దిగుబడి పడిపోతుంది, ఇంటి ఆదాయం పడిపోతుంది, ఆ దెబ్బ పిల్లవాడి చదువుకు తగులుతుంది. పంట లేని కాలపు ఎండల ప్రభావం దానితో పోలిస్తే తక్కువ. గ్రామీణ ఉపాధి హామీ పథకం అమలులోకి వచ్చిన చోట ఈ దెబ్బ చాలావరకు తగ్గిందని కూడా వారు చూపారు. అంటే మార్కులు తగ్గిన పిల్లవాణ్ని మందమతి అని తిట్టే ముందు వాళ్ల చేను సంగతి అడగాలి.

ఈ పరిశోధనకు ఆధారమైన సమాచారంలో ఒక భాగం ఎక్కడిదో తెలుసా? 2002లో నాలుగు దేశాలలో మొదలైన 'యంగ్ లైవ్స్' అనే దీర్ఘకాల అధ్యయనంలోనిది. మన దేశం తరఫున అందులో ఎంపికైనది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. సుమారు మూడువేల మంది తెలుగునాటి పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. తెలుగు పిల్లల ఎత్తు, బరువు, మార్కులు, ఇంటి కష్టసుఖాలు ప్రపంచ జ్ఞానంలో భాగమయ్యాయి. సంతోషమే. ఆ జ్ఞానం మళ్లీ తెలుగు తల్లిదండ్రుల చేతికి వారికి అర్థమయ్యే మాటల్లో రావాలని కోరడం అత్యాశ కాదు. ఇచ్చినవారికి తిరిగి చెప్పడం పరిశోధకుని బాధ్యత.

ఐక్యరాజ్యసమితి 1992 నాటి ఒడంబడికలోని ఆరవ అధికరణం, 2015 నాటి పారిస్ ఒప్పందంలోని పన్నెండవ అధికరణం ఈ విషయంలో ప్రజలకు విద్య, శిక్షణ, సమాచారం అందించాలని ప్రభుత్వాలను కోరుతున్నాయి. మన సుప్రీంకోర్టు 1991 నవంబరు 22 నాడే పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని ఆదేశించింది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లినుడిలో బోధనకు వసతులు కల్పించమంటున్నది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, పావగడలోని తెలుగు పిల్లవాడికి శీతోష్ణస్థితి పాఠం తెలుగులో అందాలన్న కోరిక దయాభిక్ష కాదని, హక్కు అని తేలుతుంది.

పావగడ పేరు ఊరికే ఎత్తలేదు. 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం అక్కడ ఉంది. తిరుమణి చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాలను రైతుల నుండి కౌలుకు తీసుకుని నిర్మించారు. భూతాపానికి విరుగుడు అనదగిన పెద్ద ప్రయత్నాలలో ఒకటి, తెలుగు మాట్లాడే కరువు పల్లెల నడుమ వెలసింది. భూమి ఉన్నవారికి కౌలు వస్తున్నది. భూమి లేని కూలికి, గొర్రెలు మేపుకునేవారికి ఏమి మిగిలింది? ఈ ప్రశ్న మీద చర్చించాలంటే మెగావాట్ అంటే ఏమిటో, కౌలు పత్రంలో ఏముందో, ఎండ కరెంటుగా ఎలా మారుతుందో ఆ ఊరివారికి తమ మాటల్లో తెలియాలి. ఆ పిల్లలకు ఇంతకన్న మంచి విజ్ఞానశాస్త్ర పాఠం వేరే ఎక్కడ దొరుకుతుంది?

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మాట తెలిసినంత మాత్రాన చాలదు. 1901 నుండి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో చెప్పింది. అది నిజం. కాని కోలారులో బోరు వెయ్యి అడుగులకు దిగడానికి మితిమీరి తోడటం, చెరువులను పట్టించుకోకపోవడం కూడా కారణాలు. తూము పూడిపోతే అది శీతోష్ణస్థితి చేసిన పని కాదు. ప్రతిదానికీ ఆకాశాన్ని నిందించడం నేర్చుకుంటే బాధ్యులైన మనుషులు తప్పించుకుంటారు. ఏది ఎండ తప్పు, ఏది మన తప్పు అని విడదీయగలగడమే చదువు.

ఇక నా సొంత అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను.

1997 జూన్‌లో మా పాఠశాల తెలుగు విభాగం పిల్లలతో ఒక వాన పుస్తకం మొదలుపెట్టించాను. అడుగు నుండి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి, కొలబద్ద ఒకటి. ప్రతిరోజూ ఉదయం ఎనిమిదిన్నరకు నీటి మట్టం కొలిచి మిల్లీమీటర్లలో రాయాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. అంతవరకు అన్ని బడులూ చేయగలిగినదే. పిల్లలు దానికి తమంతట తాము ఒకటి చేర్చారు. ఇంటికి వెళ్లి తాతనో నాయననో అడిగి, పుట అంచున వారి మాట రాయసాగారు. 'దుక్కికి పదును చాలలేదు.' 'రోహిణిలోనే వాన, మృగశిరలో లేదు.' 'రాగి చేను తలెత్తింది, అనప సాలు వాడింది.' 'చెరువు తూము దాకా నీళ్లు.' 'ఏనుగులు వచ్చినాయి.'

కొన్నేళ్లకు, ఎన్ని మిల్లీమీటర్లు పడితే మా ఎర్రనేలకు ఒక పదును అవుతుందో పిల్లలే చెప్పగలిగారు. ముందు రోజు ఎండిన నేలకు ఎంత, తడిసిన నేలకు ఎంత అని తేడా కూడా చెప్పారు. తాతల కొలతకూ శాస్త్రపు కొలతకూ పొత్తు కుదిరింది. ఇటీవల ఒక విశ్వవిద్యాలయం నుండి పరిశోధక విద్యార్థిని ఒకామె వచ్చి ఆ పుస్తకాలు చూసింది. అంకెలన్నీ రెండు రోజుల్లో ఎక్కించుకుంది. తరువాత అంచున ఉన్న రాతల మీద వేలు పెట్టి, 'సార్, అసలు సంగతి ఇక్కడున్నట్టుంది. ఇవి నాకు చదివి పెడతారా?' అని అడిగింది. ఆమెది తెలుగు కుటుంబమే. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. చదవడం, రాయడం రావు.

ఆ వాన పుస్తకం 2012లో ఆగిపోయింది. ఆరో తరగతిలో చేరే తెలుగు పిల్లలు లేక విభాగమే మూతపడింది. దానికి ఒక్క కారణం చెప్పలేను. 2006 నాటి చట్టం తమిళాన్ని మొదటి భాగంగా తప్పనిసరి చేసింది. ఆంగ్ల మాధ్యమం మీద మోజు పెరిగింది. నిజం చెప్పాలంటే, నా మనుమలు కూడా తెలుగు బడికి వెళ్లలేదు. 'తెలుగు చదివితే ఏమొస్తుంది నాన్నా?' అని నా కొడుకు అడిగినప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఉద్యోగం వస్తుందని ఈనాటికీ చెప్పలేను. కాని వాళ్ల ముత్తాత పొలం గురించి, వాళ్ల ఊరి వాన గురించి మూడు తరాలకు తెలిసినది పుట అంచున ఉంటే దాన్ని చదవగలుగుతారని మాత్రం చెప్పగలను.

అందువల్ల నా మనవులు నాలుగు. ఒకటి – శీతోష్ణస్థితికి సంబంధించిన నూరు మాటల చిన్న పదకోశం తయారుచేద్దాం. ప్రతి మాటకూ తేలిక తెలుగులో అర్థం, పక్కన తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ సమానపదాలు ఉండాలి. మూడు రాష్ట్రాల కూడలి అయిన కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుండి ఉంది, ఈ పనికి ముందుకు రమ్మని అడుగుదాం. అందులో 'పదును', 'కార్తె', 'ఉప్పెన' వంటి మాటలు ముందుండాలి. నోరు తిరగని కొత్త సమాసాలు పేర్చి మన జనాన్ని మనమే దూరం చేసుకోవద్దు. రెండు – మన పల్లెలకు వచ్చే ప్రతి పరిశోధకునీ తెలుగు ప్రశ్నావళి ఉందా అని, ఫలితాలు తెలుగులో ఎప్పుడు చెబుతారని మర్యాదగా అడుగుదాం. మూడు – తెలుగు పల్లెలలో తుఫాను, వరద హెచ్చరికలు తెలుగులోనూ వినిపించాలని ఆయా ప్రభుత్వాలకు విన్నపాలు పంపుదాం. నాలుగు – వాన పుస్తకం. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఒక డబ్బా, ఒక కొలబద్ద చాలు. తెలుగు విభాగం లేని చోట ఇంటి అరుగు మీద పెట్టుకోవచ్చు.

శీతోష్ణస్థితిని తేల్చడానికి ముప్పయ్యేళ్ల లెక్క కావాలని మొదట చెప్పాను. మా పిల్లలు రాసినది పదిహేనేళ్లు, సరిగ్గా సగం. ఆ పదిహేను పుస్తకాలలో చివరిది ఈ రోజు నాతో తెచ్చాను. ఇందులో కొన్ని పుటలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. సభ ముగిసిన తరువాత ఈ బల్ల దగ్గరే ఉంటాను. మీ బడి పేరు చెప్పి ఎవరు తీసుకుంటామన్నా ఇచ్చి వెళతాను.